ఇంకు గీత పాకడం, కరగడం, నీడ మసిబారడం: వీటికి కారణాలేమిటి, ఏం చేయాలి

మీరు చెప్పిన ఇబ్బందులు మూడు. స్కెచ్ బుక్‌లో ఫౌంటెన్ పెన్నుతో గీస్తే గీతకు రెండు పక్కలా నూగులా ఇంకు పాకుతోంది. బొమ్మ మీద నీటిరంగు పూస్తే నల్లగీత కరిగి రంగంతా బూడిదగా మారుతోంది. అడ్డగీతలతో నీడ వేస్తే వస్తువు గుండ్రంగా కనిపించకుండా మసి పూసినట్టు తయారవుతోంది. వీటికి ఏ పెన్ను కొనాలని అడిగారు. పెన్ను, ఇంకు మారిస్తే రెండోది తీరుతుంది. మొదటిది చాలావరకు కాగితం మారిస్తేగానీ తీరదు. మూడోది ఏం కొన్నా తీరదు, ఎందుకంటే తప్పు గీతలు వేసే వరసలో ఉంది. అందుకే ముందు కాగితం సంగతి చూద్దాం.

కాగితమంటే పీచు. పీచుల మధ్య సందులు ఏ ద్రవాన్నైనా పీల్చేస్తాయి. అలా పీల్చకుండా మిల్లులో కాగితానికి ఒకరకం జిగురు పట్టిస్తారు, దాన్నే సైజింగ్ అంటారు. అది సరిగా పడితే ఇంకు పైనే నిలిచి ఆరుతుంది. లేకపోతే పీచు వెంబడి పక్కలకు పోతుంది, మీరు చూస్తున్న నూగు అదే. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డకు చేసేది కూడా ఇదే పని. కలం పెట్టేముందు నూలు గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన ద్రవంతో కలం గీత గీస్తే, అది కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నలుపెక్కుతుంది. పాలలోని కొవ్వు ఆ రంగును గీత దాటి పోనివ్వదు. పాలు సరిగా పట్టని చోట అక్కడా గీత పాకుతుంది.

చాలామంది జీఎస్ఎం చూసి కాగితం కొంటారు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువుందో చెప్పే లెక్క. తడి తగిలితే కాగితం ఎంత ముడతపడుతుందో, ఇంకు వెనక్కి కనిపిస్తుందో లేదో దాన్నిబట్టి కొంత తెలుస్తుంది. పాకుతుందా లేదా అన్నది మాత్రం తెలియదు. 300 జీఎస్ఎం చేతితో చేసిన కాగితం మీద గీత దారుణంగా పాకొచ్చు. 80 జీఎస్ఎం మంచి నోటుపుస్తకంలో అదే ఇంకు చెక్కుచెదరకుండా నిలవొచ్చు.

అందుకే ఏ కాగితం కొన్నా ముందు ఒక ముక్క మీద పరీక్ష చేయండి. అరచేతి వెడల్పు ముక్క చాలు. మీరు వాడే పెన్నుతోనే ఒక గీత నెమ్మదిగా, ఒక గీత వేగంగా గీయండి. పక్కన పెన్ను మొనను ఆనించి మూడు సెకన్లు కదపకుండా ఉంచండి. ఆ తర్వాత ఒక మిల్లీమీటరు ఎడంతో పది గీతలు గీసి, వాటి మీదుగా మరో పది అడ్డంగా వేయండి. పది నిమిషాలు ఆగి, సగం మీద తడి కుంచెతో రెండుసార్లు రాయండి, మిగతా సగం అలాగే వదిలేయండి. ఇక ఫలితం చదవండి. నెమ్మది గీత మాత్రమే పాకితే కాగితం ఫర్వాలేదు, మీ పెన్ను ఇంకు ఎక్కువ వదులుతోందన్నమాట. రెండు గీతలూ పాకితే కాగితానిదే లోపం. ఆగిన చోట చుక్క ఆవగింజంత అయితే సరే, కందిగింజంత అయితే ఆ కాగితం ఇంకుకు పనికిరాదు. అడ్డగీతలు కలిసిన చోట పీచు లేస్తే పైపొర బలహీనమని అర్థం, దాని మీద పాళీ (సీసాలో ముంచి గీసే లోహపు మొన) వాడితే పీచు ఇరుక్కుంటుంది. తడిపిన సగంలో నీళ్లు రంగెక్కితే ఇంకు నీటికి ఆగదు. ఈ ఐదు గుర్తులూ ముక్క వెనక రాసి దాచుకోండి.

పొడి గీతల సాధనకు 100 జీఎస్ఎం బాండ్ పేపర్ చాలు, చవకగా దొరుకుతుంది, ఎన్ని షీట్లు పారేసినా బాధ ఉండదు. పాళీతో శ్రద్ధగా వేసే బొమ్మకు నున్నటి బ్రిస్టల్ అట్ట, 200 నుంచి 250 జీఎస్ఎం. స్టేషనరీ కొట్టులో దొరికే ఐవరీ షీటు కూడా పాళీకి నున్నగా బాగుంటుంది, కానీ నీళ్లు తట్టుకోలేదు. గీత గీసి మీద రంగు పూయాలంటే 300 జీఎస్ఎం నీటిరంగు కాగితమే తీసుకోండి, అందులోనూ హాట్ ప్రెస్ (వేడిగా నొక్కి నున్నగా చేసినది) లేదా బాగా సన్నటి గరుకున్నది. గరుకు ఎక్కువైతే గీత ముక్కలు ముక్కలుగా పడుతుంది, సన్న మొన పెన్నులు త్వరగా అరిగిపోతాయి. ఎక్కువమంది వాడే కార్ట్రిడ్జ్ కాగితం (మామూలు డ్రాయింగ్ కాగితం), 140-160 జీఎస్ఎంది, మధ్యస్థంగా పనిచేస్తుంది. పలుచటి రంగు ఒక్క పూతకు ఓర్చుకుంటుంది, రెండో పూతకు అలలు తేలుతుంది.

కాగితం మంచిదైనా పాడవడానికి మరో రెండు కారణాలున్నాయి. అరచేతి చెమట, నూనె పడిన చోట ఇంకు సరిగా పట్టక గీత తెగుతుంది, అందుకని చేతి కింద ఎప్పుడూ ఒక తెల్ల కాగితం ముక్క ఉంచండి. రెండోది వానాకాలపు తేమ. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ప్యాకెట్టు విప్పి నెలల తరబడి బయట ఉంచిన కాగితంలో సైజింగ్ దెబ్బతింటుంది. మొన్నటిదాకా బాగున్న కట్టలోనే కొన్నిచోట్ల ఇంకు మచ్చల్లా పాకుతుంటే అదే కారణం. విప్పిన కట్టను జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టి, నేలకీ గోడకీ దూరంగా పడుకోబెట్టండి.

ఇక ఇంకు. మామూలు ఫౌంటెన్ పెన్ను ఇంకులో ఉండేది నీటిలో కరిగిపోయిన రంగు. ఆరాక మళ్లీ నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. మీ నీటిరంగు బూడిదగా మారడానికి కారణం ఇదే, మీ చేతిలో లోపమేమీ లేదు. పైగా ఇలాంటి రంగుల్లో చాలావరకు ఎండకు వెలిసిపోతాయి. గోడకు తగిలించే బొమ్మకు అసలు వాడొద్దు. పిగ్మెంట్ ఇంకులో ఉండేది కరగని పొడి, సాధారణంగా కార్బన్. అది పీచులో ఇరుక్కుని ఆరాక నీళ్లకు కదలదు, ఎండకూ వెలవదు.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. డ్రాయింగ్ ఇంకు, ఇండియన్ ఇంకు అని సీసాల్లో అమ్మే నల్ల ఇంకును ఫౌంటెన్ పెన్నులో పోయకండి. అందులో కార్బన్‌తోపాటు సాధారణంగా లక్క ఉంటుంది. నీటికి ఆగే గుణం లక్కదే, పెన్ను లోపల ఆరి గట్టిపడేదీ లక్కే. ఒకసారి ఫీడు (మొనకు ఇంకు అందించే భాగం) సందుల్లో గడ్డకడితే మామూలు నీళ్లకు వదలదు. ఆ ఇంకు పాళీకీ కుంచెకీ మాత్రమే. ఫౌంటెన్ పెన్నే కావాలంటే దానికోసం చేసిన పిగ్మెంట్ ఇంకు తెచ్చుకోండి, ప్లాటినం కార్బన్ బ్లాక్ లాంటిది. ఆ పెన్నును రోజూ వాడుతూ ఉండాలి. వారం పక్కన పెట్టాల్సి వస్తే ఇంకు తీసేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నుల్లా గొట్టంలోకి నేరుగా ఇంకు పోసుకునే రకం కడగడానికి సులువు. వాటితో ఒక చిక్కుంది. ఇంకు తగ్గేకొద్దీ గొట్టంలో గాలి పెరిగి, చేతి వేడికి వ్యాకోచించి, ఒక్కసారిగా ఇంకు బొట్టు తోసేస్తుంది. మూడోవంతుకు తగ్గకముందే నింపుకుంటే బొమ్మ మీద మరక పడదు.

పెన్ను కడిగే ఓపిక లేనివాళ్లకు పిగ్మెంట్ ఫైన్‌లైనర్లే (పిగ్మెంట్ ఇంకు నింపి వచ్చే సన్నమొన పెన్నులే) మేలు. సకురా పిగ్మా మైక్రాన్, యూని పిన్, స్టెడ్లర్ పిగ్మెంట్ లైనర్, ఏదైనా సరే. మైక్రాన్ మీద అంకె చూసి మిల్లీమీటర్లనుకోకండి. 005 అంటే 0.20 మి.మీ., 01 అంటే 0.25, 03 అంటే 0.35, 05 అంటే 0.45, 08 అంటే 0.50. సెట్టంతా అవసరం లేదు, 01, 05, 08 మూడు కొంటే చాలు. సన్న మొన ప్లాస్టిక్, బాల్‌పెన్నులా నొక్కితే లోపలికి పోతుంది. పెన్నును దాదాపు నిలువుగా పట్టుకుని, దాని బరువుతోనే గీయాలి. మెత్తటి పెన్సిలు ముద్దగా రాసిన చోట, మైనపు రంగు మీద గీస్తే మొన పూడుకుపోతుంది. ఈ పెన్నుల లోపమల్లా ఒకటే, గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు. లావు సన్నాల సొగసు కావాలంటే పాళీకి రావాల్సిందే. బాపు గీతలో చీరకుచ్చెళ్ల దగ్గర, జడ మలుపు దగ్గర లావెక్కి కొనలో వెంట్రుకంతగా సన్నబడటం గమనించండి, ఒకే లావు పెన్నుతో అది కుదరదు.

పాళీ మొదలుపెట్టేవాళ్లకు జపాన్ 'జి' పాళీ సరైనది, నిక్కో గానీ జీబ్రా గానీ. కాస్త గట్టిది, చేయి అటూ ఇటూ పోయినా కాగితం చీరదు. గిల్లట్ 303 లాంటి మెత్తటి పాళీలు చేయి కుదిరాక తీసుకోవచ్చు. కొత్త పాళీకి తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది. అది తీయకపోతే ఇంకు పాళీ మీద బొట్లుగా విడిపోయి జారదు. కొంచెం టూత్‌పేస్టుతోనో గిన్నెలు తోమే సబ్బునీళ్లతోనో రుద్ది, కడిగి, తుడవండి. మంట మీద పెట్టడం కొందరి అలవాటు, ఎక్కువసేపు పెడితే స్టీలు గట్టిదనం పోతుంది కాబట్టి వద్దు.

పాళీ నడుమ ఉన్న చిల్లు సగం మునిగేదాకా ముంచి, సీసా అంచుకు ఒకసారి తాకించి, పక్కన చిత్తు కాగితం మీద ఒక గీత గీశాకే బొమ్మ మీదకు రండి. ఒత్తిడి మీవైపు లాగే గీతలోనే. పైకి తోసేటప్పుడు ఒత్తితే కొన పీచులో గుచ్చుకుని తుంపరలు చిమ్ముతుంది. కాగితాన్ని తిప్పుకోవడం అలవాటు చేసుకోండి, చేయి తనకు సులువైన దిక్కులోనే లాగాలి. లావు గీత మధ్యలో తెలుపు మిగిలి రైలుపట్టాల్లా రెండు గీతలు పడుతున్నాయా? పాళీలో ఇంకు అయిపోయి ఉండాలి, లేదా మీరు మరీ వేగంగా, మరీ ఒత్తి లాగుతుండాలి. అప్పుడే ముంచినా అలాగే వస్తే ఇంకు చిక్కబడిందన్నమాట. సీసాలో కాకుండా విడిగా చిన్న మూతలోకి కొంత ఇంకు తీసి, డిస్టిల్డ్ వాటర్ ఒక్కొక్క చుక్కే కలుపుతూ గీసి చూడండి. హైదరాబాదు ఏప్రిల్ ఎండల్లో, ఫ్యాను కింద, ఇంకు పాళీ మీదే ఆరిపోతుంది. పది పదిహేను నిమిషాలకోసారి నీళ్లలో ఆడించి గుడ్డతో తుడవాల్సిందే. ఎండి పట్టేసిన లక్క ఇంకు అమ్మోనియా ఉన్న అద్దాలు తుడిచే ద్రవంలో కాసేపు ఉంచితే వదులుతుంది, ఎందుకంటే లక్క క్షారంలో కరుగుతుంది.

పెన్సిలు గీతలు చెరిపేటప్పుడు ఇంకు చెదిరితే తొందరే కారణం. ఫైన్‌లైనరైతే ఐదు నిమిషాలు, పాళీతో లావుగా వేసిన చోట అరగంట, వానాకాలం ఇంకా ఎక్కువ ఆగండి. పెన్సిలు హెచ్‌బీ, తేలిగ్గా. 2హెచ్ కన్నా గట్టివి కాగితంలో గాడి చేస్తాయి, ఆ గాడిలో ఇంకు చేరి గీత వంకరపోతుంది. గట్టిగా రుద్దితే ఆరిన నలుపు కూడా పైపొర పోయి బూడిదరంగవుతుంది, కాబట్టి ముద్దలా నలిగే నీడెడ్ ఎరేజరుతో అద్ది తీయండి. చిక్కటి నలుపు పూతలు చెరిపాకే వేయాలి.

ఇక మీ మూడో ఇబ్బంది. ఇందులో చిన్న లెక్క ఉంది, అది తెలిస్తే నీడ మసిబారడం ఆగుతుంది. 0.30 మి.మీ. గీతల్ని మిల్లీమీటరుకు ఒకటి చొప్పున వేశారనుకోండి. కాగితంలో 30 శాతం నలుపయింది. దాని మీద మరో దిక్కులో అంతే వేస్తే 60 కాదు, 51 శాతమవుతుంది, ఎందుకంటే కొన్ని చోట్ల నలుపు మీద నలుపే పడింది. మూడో వరసకు సుమారు 66, నాలుగో వరసకు 76. ఒక్కో వరసకు దక్కేది తగ్గుతూ పోతుంది, కాగితం మాత్రం ప్రతిసారీ నలుగుతుంది. మీరు 05 పెన్నుతో దగ్గర దగ్గరగా మొదలుపెట్టి ఉంటారు. అక్కడ మొదటి వరసకే 45, రెండో వరసకు 70 దాకా పోతుంది, లేత నీడకు చోటే మిగలదు. అందుకే మొదటి వరస సన్న పెన్నుతో, ఎడంగా. మూడు వరసలు దాటితే ఆపేయండి. అంతకన్నా ముదురు కావాలంటే ఆ చోటును కుంచెతో పూర్తిగా నలుపు చేసేయడమే శుభ్రం.

ఇంట్లో ఉన్న ఇత్తడి చెంబు మీద సాధన చేయండి. ఎడమ పక్క కిటికీ దగ్గర, కంటికి కొంచెం దిగువన పెట్టుకోండి. కళ్లు సగం మూసి చూస్తే మూడే ఛాయలు కనబడతాయి. పొట్ట మీద ఎడమవైపు పైన మెరుపు, చుట్టూ మధ్యస్థం, కుడివైపు ముదురు. మెరుపు హద్దును పెన్సిల్‌తో గుర్తుపెట్టి దాన్నిక ముట్టుకోవద్దు. ఇప్పుడు ముదురు ఎక్కడుందో బాగా చూడండి. అది కుడి అంచు దాకా పోదు, అంచుకు వేలెడు ఇవతలే ఆగిపోతుంది. అంచు దగ్గర బల్ల నుంచి తిరిగొచ్చిన వెలుగు సన్నటి పట్టీలా ఉంటుంది. అంచు దాకా నలుపు నింపేస్తే చెంబు పలకలా చదునవుతుంది, చాలా బొమ్మల్లో గుండ్రం పోయేది ఇక్కడే.

మొదటి వరస మెరుపు తప్ప మిగతా అంతటా. గీతలు పొట్ట చుట్టూ గాజు తొడిగినట్టు వంపు తిరగాలి, కంటికి దిగువన ఉన్న వస్తువు కనుక వంపు కిందికి. మెరుపు దగ్గరకొచ్చేసరికి పెన్ను కదులుతుండగానే పైకి లేపేయండి, గీత కొన సన్నబడి వెలుగులో కలిసిపోతుంది. ఆపి లేపితే కొనలో చుక్కలు పడి, మెరుపు చుట్టూ కంచె కట్టినట్టవుతుంది. రెండో వరస ముదురులో మాత్రమే, మొదటిదానికి 30 డిగ్రీల వాలులో. 90 డిగ్రీల్లో వేస్తే చతురస్రాల వల కనబడి కన్ను వల దగ్గరే ఆగిపోతుంది, 30 డిగ్రీల్లో కోలటి గళ్లు వచ్చి నీడగా చదువుకుంటుంది. మూడో వరస మూడు చోట్లే: ముదురు పట్టీ నడుమ, మెడ కింద మడతలో, చెంబు అడుగు బల్లకు తగిలే చోట. ఏ వరసైనా కింది వరస పూర్తిగా ఆరాకే. తడి మీద వేస్తే రెండు గీతలు కలిసి బొట్లవుతాయి, మీ "మసి"లో సగం అదే. బయటి గీతను వెలుగువైపు సన్నగా, ఒకటి రెండు చోట్ల తెంపి, నీడవైపు 08తో లావుగా వేయండి. పెంకుటిల్లు లాంటి బొమ్మల్లోనూ ఇదే సూత్రం. ప్రతి పెంకూ గీయకుండా చూరు అంచునా, నీడ మొదలయ్యే చోటా నాలుగైదు పెంకులు స్పష్టంగా గీస్తే మిగతా కప్పును కన్నే పూరించుకుంటుంది.

ఇంకునే నీళ్లలో కలిపి నీడలు పూయాలనుకుంటే మూడు గిన్నెల్లో పది మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు తీసి, వరసగా రెండు, ఆరు, ఇరవై చుక్కల ఇంకు వేయండి. ఆరాక రంగు ఒక మెట్టు లేతబడుతుంది కాబట్టి చిత్తుముక్క మీద ఆరబెట్టి చూసుకున్నాకే బొమ్మ మీద పూయండి. బోరు నీళ్లు వాడకండి. వాటిలోని కాల్షియం లవణాలకు కార్బన్ రేణువులు గుంపులు కట్టి, పూతలో ఇసుక చల్లినట్టు నల్ల పలుకులు తేలతాయి. ఇంట్లో ఆర్ఓ నీళ్లు చాలు. బాగా పలుచన చేసిన ఇంకులో లక్క కూడా పలచబడుతుంది, మీద రెండో పూత వేసినప్పుడు కింది పూత కొంచెం లేవొచ్చు. కుంచెను ఒకసారి ఆనించి లాగేయండి, అక్కడే రుద్దకండి. వాడిన కుంచెను వెంటనే సబ్బుతో కడగాలి, వెంట్రుకల మొదట్లో లక్క ఎండితే ఆ కుంచె ఇక విచ్చుకునే ఉంటుంది.

తప్పు గీత పడితే, 250 జీఎస్ఎం పైబడిన కాగితం మీద కొత్త బ్లేడు మూలతో తేలిగ్గా గీకి, గోటితో నున్నగా రుద్దొచ్చు. కానీ ఆ చోట మళ్లీ పాళీ పెడితే పాకుతుంది, అక్కడికి ఫైన్‌లైనరే. పలుచటి కాగితం మీద తెల్ల గువాష్ (అడుగు కనిపించకుండా కప్పే నీటిరంగు) పూసి కప్పడమే దారి. తెల్ల జెల్ పెన్ను చిన్న మెరుపులకు బాగుంటుంది, పెద్ద మరకను కప్పలేదు.

కరిగే ఇంకుతో ఇప్పటికే గీసిన పేజీలను పారేయకండి. వాటికి రంగు పూసే ముందు 600 డీపీఐలో గ్రేస్కేల్ స్కాన్ తీసి పెట్టుకోండి, కావాలంటే ఆ స్కాన్‌ను నీటికి ఆగే ప్రింటుగా తీసి రంగులు వేసుకోవచ్చు. లేజర్ ప్రింటు నీటికి కదలదు, ఇంక్‌జెట్‌లో చాలావరకు కదులుతాయి. అసలు పేజీ మీద రంగు కావాలంటే రంగు పెన్సిళ్లు వాడండి. లేదా కరగడాన్నే వాడుకోండి: శుభ్రమైన నీళ్లలో ముంచి పిండిన కుంచెతో నీడవైపు గీతల్ని మాత్రమే తాకితే అక్కడి ఇంకే కరిగి నీడ పూతవుతుంది. వెలుగువైపు గీతలకు తడి తగలనివ్వకండి, రెండోసారి తాకేముందు పేజీ పూర్తిగా ఆరనివ్వండి.